మేనేజరు చెప్పేదాకా

నాటకాలవాళ్ళు ఆయన్ని సూర్యుడు అనేవాళ్ళు. మొదట్లో వేళాకోళానికే అన్నారు, తర్వాత అదే ఖాయమైపోయింది. ఆయన పని లైట్లు వేయడం. జనం కూర్చునే వరసలన్నిటికీ వెనక, ఒక మనిషి పడితే రెండో మనిషికి చోటుండని గదిలో, వెలుగుని పెంచి తగ్గించే డిమ్మరు మీటల ముందు కూర్చుని రంగస్థలం మీద తెల్లవారించేవాడు, పొద్దు గుంకించేవాడు. తెల్లవారించడం ఎవరికైనా వస్తుంది, మీట పైకి తోస్తే సరి. పొద్దువాలడం మాత్రం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. వెలుతురు ఎప్పుడు తగ్గడం మొదలైందో ముందు వరసలో కళ్ళప్పగించి కూర్చున్నవాడికి కూడా తెలిసేది కాదు. ఉన్నట్టుండి చూసుకుంటే సాయంత్రం అయిపోయి ఉండేది. ఈ పొగడ్త చెవిన ఎన్నిసార్లు పడ్డా ఆయనకి పాతబడలేదు. ఆ గొప్ప కాస్త ఎక్కువే, ఒప్పుకోవాలి.

అంత గొప్పవాడూ ఆవిడ మాట లేకుండా మీట కదిపేవాడు కాదు. ఆవిడంటే ముందు స్టేజి మేనేజరు, ఆ తర్వాత ఆయన భార్య. తెర పక్కన చీకట్లో ఎత్తు స్టూలు మీద కూర్చుని, హెడ్‌సెట్ తగిలించుకుని, ఎవరు ఎప్పుడు లోపలికి రావాలో, ఏ తలుపు ఎప్పుడు తెరుచుకోవాలో, వెలుగు ఎప్పుడు మారాలో నోటిమాటతో నడిపించేది. వాళ్ళ పనికి ఒక పద్ధతి ఉండేది. ఆవిడ "సిద్ధం" అంటే ఆయన మీట మీద చెయ్యి పెట్టాలి. "కానివ్వు" అంటే కదపాలి. పని పూర్తయ్యాక "చెయ్యి తియ్యి" అంటుంది. ఆ మాట వచ్చేదాకా, కొంప మునిగినా సరే, చెయ్యి మీట మీదే ఉండాలి. ఇంట్లో ఏమండీ, మీరు అని పిలిచే మనిషి హెడ్‌సెట్‌లో మాత్రం నువ్వు అనేది. పనిలో ఏమండీలకి టైం ఎక్కడుంటుంది అనేది. పెళ్ళయిన కొత్తలో ఆయనకి అది కాస్త గుచ్చుకుంది. తర్వాత్తర్వాత ఆ నువ్వు వినడానికే నాటకం ఉన్నరోజు తొందరగా తయారయ్యేవాడు.

ఇద్దరూ రిటైరయ్యారు. ఆవిడ మరుపు మొదట్లో నవ్వులాటగానే వచ్చింది. తాళంచెవులు ఫ్రిజ్‌లో దొరికేవి, ఫోను పంచదార డబ్బాలో మోగేది. "ఇన్నేళ్ళూ అందరి డైలాగులూ మోసి తల బరువెక్కింది, కాస్త దించుకుంటున్నాను" అని ఆవిడే జోకులేసేది. తర్వాత మెదడు డాక్టరు డిమెన్షియా అని పేరు చెప్పింది. ఆ రోజు నుంచి ఇంట్లో ఆ జోకు మళ్ళీ ఎవరూ వేయలేదు.

మరుపుతో ఆయన ఎలాగో సర్దుకున్నాడు. నిద్రతోనే తల ప్రాణం తోకకి వచ్చింది. పొద్దువాలితే చాలు, ఆవిడకి ఒకచోట కాలు నిలవదు. జనం వచ్చి కూర్చున్నారు, ఇంకా ఏవీ సర్దలేదు అంటూ కుర్చీలు ఈ గదిలోంచి ఆ గదిలోకి ఈడుస్తుంది. ఆయన ఎదురుపడితే "మీరెవరండీ, మిమ్మల్ని లోపలికి ఎవరు రానిచ్చారు" అని నిలదీస్తుంది. గోడ మీద నీడ పడితే మనిషనుకుని కేకపెడుతుంది. కోటు తగిలించే స్టాండు నీడ చూసి ఒకరోజు వంటగదిలో బల్ల కిందికి దూరిపోయింది. బయటికి రప్పించేసరికి ఆయన మోకాళ్ళు పట్టేశాయి, దానికంటే ఎక్కువగా మనసు కలుక్కుమంది.

మర్నాడే అటక మీద పడి ఉన్న పాత ఫ్లడ్ లైట్లు దించాడు. నాటకశాలలో కొత్త సామాను వచ్చినప్పుడు ఆయన అడిగి తెచ్చుకున్నవి. హాల్లో నాలుగు మూలలా నాలుగు బిగించి, తెల్లటి వెలుగు పెట్టి, మీటల పెట్టె సోఫా వెనక దాచాడు. ఒక లైటు వేసే నీడని ఇంకో లైటు చెరిపేసేలా కోణాలు కుదిర్చాడు. నీడ అన్నది హాల్లో మచ్చుకైనా లేదు. పొద్దు గుంకకముందే అన్నీ వెలిగించి, ఆవిడ పడుకునేదాకా అలాగే ఉంచేవాడు. ఆవిడ పడుకోదు, అదీ సంగతి. తెల్లారబోతుంటే ఎక్కడ కూర్చుంటే అక్కడే వాలిపోయేది. పాపం రాత్రంతా నిద్ర లేదు కదా అని, నాటకశాల పాత నల్లతెరలు కిటికీలకి కట్టి, మధ్యాహ్నం దాకా ఇల్లంతా చీకటి చేసి, పిల్లిలా తిరిగేవాడు. మెట్లమీద ఎదురైనవాళ్ళు, భార్యని ఇంతలా చూసుకునేవాణ్ణి చూడలేదని అంటుంటే అదీ ఆయన చెవికి ఇంపుగానే ఉండేది.

పై అంతస్తులో ఆవిడ తమ్ముడు ఉంటాడు. సిటీ బస్సు డ్రైవరు. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగితే ఇన్నేళ్ళుగా బస్సునే చూపిస్తున్నాడు. పొద్దున్నే డిపోలోంచి మొదట బయటికి వచ్చే బస్సు అతనిదే. కింద ఈడుస్తున్న ప్రతి కుర్చీ అతని మంచం కిందే ఈడ్చినట్టు వినిపిస్తుంది. చాన్నాళ్ళు నోరు మెదపలేదు. ఒక సాయంత్రం యూనిఫాం కూడా విప్పకుండా వచ్చి సోఫాలో కూలబడ్డాడు.

"బావా, ఇవాళ సిగ్నల్ దగ్గర కునుకు పట్టింది."

"ఎంతసేపు?"

"వెనకవాళ్ళు హారన్ మోగించేదాకా. బస్సు నిండా బడిపిల్లలు."

సూర్యుడు లేచి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

"కేర్ హోంలో ఒక మంచం ఖాళీ అయింది," అన్నాడు బావమరిది గ్లాసు అందుకుంటూ. "వచ్చే శనివారం రాత్రి లోపు ఏ సంగతీ తేల్చి చెప్పమన్నారు. రాత్రిళ్ళు చూడ్డానికి మనుషులు ఉంటారట."

"నేనున్నానుగా."

"ఉన్నావు. ఇలా నిద్ర లేకుండా నువ్వు మాత్రం ఎన్నాళ్ళుంటావు? నిన్న షేవింగ్ క్రీముతో పళ్ళు తోముకోబోయావు. అక్కకి జబ్బు, సరే. నీకేం వచ్చింది?"

"పక్కపక్కనే పెట్టారు రెండూ."

"ఎవరు పెట్టారు? నువ్వేగా పెట్టావు. నవ్వకు బావా. అక్కని పంపించెయ్యమని చెప్పడానికి నాకేమైనా సరదానా? చిన్నప్పుడు నన్ను ఎత్తుకు తిరిగిన మనిషి. నిద్రమాత్ర వేద్దామంటే నువ్వు ఒంటికాలి మీద లేస్తావు."

లేవడానికి కారణం ఉంది. ఒకసారి వేశారు. ఆ రాత్రి ఆవిడ సగం నిద్రలో లేచి, బాత్రూం గడప దగ్గర పడి, నుదురు కమిలిపోయింది. మర్నాడంతా చెంచా చేతికిస్తే అదేమిటో తెలియక తిప్పితిప్పి చూసింది. ఆ చూపు ఆయన మర్చిపోలేదు.

"సోమవారం డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. శనివారం దాకా ఆగరా," అన్నాడు. "అప్పటికీ నిద్రపోకపోతే నేనే సంచీ సర్దుతాను."

అనడమైతే అన్నాడు. ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆయనకి అన్నం సయించలేదు.

సోమవారం డాక్టరు గదిలో ముందు నవ్వే వచ్చింది. డాక్టరు చిన్నమ్మాయి, వీళ్ళ కూతురి ఈడు ఉంటుంది, వీళ్ళకి కూతురంటూ ఉంటే. రిపోర్టులు చదవడానికి కళ్ళజోడు కోసం బల్లంతా వెతుకుతోంది. మేనేజరు అటు చూడకుండానే "తలమీద ఉంది" అంది. ఆ అమ్మాయి నాలిక కరుచుకుని కళ్ళజోడు దించుకుంది. సూర్యుడు ఛాతీ కాస్త విరుచుకున్నాడు.

"సాయంత్రాలు ఇంట్లో ఎలా ఉంటుందండీ?" అని అడిగింది డాక్టరు.

ఈ ప్రశ్న కోసమే వచ్చినట్టు ఆయన కుర్చీలో ముందుకి జరిగాడు. లైట్లు ఏ మూల ఏ ఎత్తున పెట్టాడో, ఒకదాని నీడని ఇంకొకటి ఎలా చెరిపేస్తుందో, తెల్ల వెలుగే ఎందుకు ఎంచుకున్నాడో, అన్నీ చేతులు తిప్పుతూ చెప్పాడు. "రాత్రి ఏ వేళప్పుడు చూసినా మా హాలు పట్టపగల్లా ఉంటుందండీ" అని ముగించి, మెచ్చుకోలు కోసం చూశాడు.

డాక్టరు పెన్ను కింద పెట్టింది. "మరి పగలు?"

"పగలు నల్లతెరలు వేసేస్తాను. పిసరు వెలుగు రాదు. కాస్తయినా కునుకు తీస్తుందని."

"అంటే ఆవిడకి పగలుని రాత్రి చేశారు, రాత్రిని పగలు చేశారు."

ఆయన మొహం మీది నవ్వు ఎక్కడిదక్కడే ఆగిపోయింది.

"తప్పు పట్టడం లేదండీ," అంది డాక్టరు. "ఆవిడ భయపడకూడదని చేశారు. కానీ మీ ఉద్దేశం మెదడుకి తెలియదు కదా. మెదడులో, కళ్ళ వెనక లోపలగా, చిన్న గడియారం లాంటిది ఒకటుంటుంది. దానికి టైం చెప్పేది కంట్లో పడే వెలుగు. చీకటి పడుతున్నప్పుడు అది మెలటోనిన్ అని ఒక రసాయనాన్ని విడుదల చేయిస్తుంది. రాత్రవుతోంది, ఇక సర్దుకోండి అని ఒళ్ళంతటికీ అది కబురు. వయసు మీదపడేకొద్దీ ఆ కబురు ఎలాగూ బలహీనపడుతుంది. ఈ జబ్బులో ఆ గడియారానికే దెబ్బ తగులుతుంది. మిగిలిన ఆ కాస్త కబురునీ మీ తెల్లలైట్లు ఆపేస్తున్నాయి."

"నా లైట్లా," అన్నాడాయన.

"ఇంకోటి కూడా ఉంది. పేరు చెప్తే గుర్తుంటుందో లేదో."

"డైలాగుల మధ్యే బతికానమ్మా, చెప్పండి."

"అడినోసిన్. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అది పోగవుతుంది. పోగయ్యేకొద్దీ నిద్ర ముంచుకొస్తుంది. పగలంతా పడుకుంటే ఆ పోగు కరిగిపోయి రాత్రికి నిద్ర రావడానికి ఏమీ మిగలదు. దీనికి ఎదురు ఇంకొకటుంది, ఒరెక్సిన్. మెలకువ జారిపోకుండా పట్టి ఉంచేది. ఈ జబ్బు ఉన్న కొంతమందిలో అది రాత్రిపూట తగ్గాల్సినంత తగ్గడం లేదని పరిశోధనలు చేసేవాళ్ళు అంటున్నారు. మీ ఆవిడలో ఎంతుందో నేను కొలవలేదు కాబట్టి ఊహించి చెప్పను."

ఆయన మనసులో మూడు మీటలు గీసుకున్నాడు. ఒకటి పైకి లేవాలి, లేవనివ్వడం లేదు. ఒకటి నిండాలి, నిండనివ్వడం లేదు. ఒకటి కిందికి దిగాలి, దిగడం లేదు. మొదటి రెండింటి మీదా ఉన్నది తన చెయ్యే. డాక్టరు ఇంకా చెబుతూనే ఉంది కానీ కాసేపు ఆయనకి ఏమీ వినపడలేదు. సిగ్గేసింది. తన పని తెలిసినవాళ్ళెవరూ పక్కన లేనందుకు ఊపిరి పీల్చుకున్నాడు, పక్కనే మేనేజరు ఉందని మరుక్షణం గుర్తొచ్చింది.

"నీడలు చూస్తే బెదిరిపోతుందండీ," అన్నాడు చివరికి.

"నాకు తెలిసింది రసాయనాలు. నీడల సంగతి మీకే బాగా తెలుసు," అంది డాక్టరు. "పొద్దున్నే ఎండ చూపించండి. పగలు పడుకోనివ్వకండి, మరీ తూగుతుంటే కాసేపే. సాయంత్రం నుంచి వెలుగు తగ్గిస్తూ రండి. ఇది జబ్బుని నయం చేయదు, ప్రతి రాత్రీ ఒకేలా ఉంటుందనీ చెప్పను. అప్పటికీ కుదరకపోతే వేరే రకం మందుల గురించి మాట్లాడదాం."

ఆ సాయంత్రం డాక్టరు చెప్పినదంతా విని బావమరిది తల గోక్కున్నాడు. "అయితే ఇన్నాళ్ళూ నన్ను నిద్రపోనివ్వనిది అక్క కాదన్నమాట, నువ్వన్నమాట."

సూర్యుడు మొహం మాడ్చుకుని స్టూలెక్కి నల్లతెరలు ఊడదీశాడు. ఆ తెరల్లోంచి రాలిన దుమ్ముకి ఇద్దరూ చాలాసేపు తుమ్మారు.

మంగళవారం పొద్దున్నుంచే బాల్కనీలో కుర్చీ వేసి ఆవిడని ఎండకి ఎదురుగా కూర్చోబెట్టాడు. ఈ ఫోకస్ లైటు కళ్ళలో పడుతోంది, కాస్త పక్కకి తిప్పించండి అని ఆవిడ విసుక్కుంది. ఇది నా చేతిలో లేనిది అన్నాడు. మధ్యాహ్నం కళ్ళు వాలుతుంటే దుప్పట్లన్నీ తెచ్చి పోసి మడతపెట్టమన్నాడు. మడతల్లో ఆవిడకి ఇప్పటికీ వంక పెట్టలేం, అంచుకి అంచు కలవాల్సిందే. మడతపెట్టినవి వెనక గదిలోకి తీసుకెళ్ళి విప్పేసి మళ్ళీ తెచ్చేవాడు. ఈ మోసానికి ఆయనకి మనసు పీకింది కానీ ఆవిడ నిద్రపోలేదు.

సాయంత్రాలే కుదరలేదు. మొదటిరోజు ఫ్లడ్ లైట్లన్నీ ఆర్పేసి ఒక్క టేబుల్ లైటు పెట్టాడు. అది ఆవిడ నీడనే గోడ మీద ఇంతెత్తున నిలబెట్టింది. ఆ కేకకి బావమరిది చెప్పుల్లేకుండా మెట్లు దిగి వచ్చాడు. మర్నాడు లైట్లన్నిటికీ కాషాయ రంగు జిలాటిన్ కాగితం కట్టి, నాలుగింటినీ బాగా తగ్గించి, నాలుగు వైపుల నుంచీ సమానంగా పరిచాడు. వెలుగు తక్కువ, నీడ లేదు. కోటు స్టాండుని పైకి పంపించేశాడు, బావమరిది యూనిఫాం దాని మీదే వేలాడింది. రాత్రి కాగానే ముఖం చూపించే కిటికీ అద్దాలకి పల్చటి తెరలు వేశాడు. బాత్రూం దారిలో నేలకి దగ్గరగా చిన్న దీపం పెట్టాడు. భయం పోయింది. బల్ల కిందికి దూరడం పోయింది. మనిషి నెమ్మదించింది కూడా.

కానీ పడుకోదు. ఆయన మంచం పక్కన కూర్చుని పడుకో పడుకో అంటుంటే తలూపుతుంది, పడుకుంటుంది, ఆయన అలా కన్ను మూస్తే లేస్తుంది. కుర్చీలు మళ్ళీ బయల్దేరతాయి. గురువారమూ అంతే. శుక్రవారం సాయంత్రానికి సూర్యుడు చేతులెత్తేసే స్థితికి వచ్చాడు. అటక మీద సంచీ ఎక్కడుందో కూడా చూసి పెట్టుకున్నాడు. ఆ సంచీ చూశాక బాల్కనీలోకి వెళ్ళి, ఎవరికీ కనపడకుండా, కాసేపు ఏడ్చాడు.

లోపలికి వచ్చేసరికి ఆవిడ హాలు మధ్యలో కుర్చీ వీపు పట్టుకుని నిలబడి ఉంది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి, నిలబడే తూగుతోంది.

"నీకు నిద్రొస్తోంది," అన్నాడు. "ఎందుకు పడుకోవు?"

"మీకు పని తెలియనట్టుంది," అంది ఆవిడ, కొత్తగా చేరిన కుర్రాడికి చెప్పినట్టు ఓపిగ్గా. "స్టేజి మీద లైట్లు వెలుగుతుంటే మేనేజరు ఎలా వెళ్ళిపోతుందండీ?"

సూర్యుడు గుమ్మంలోనే ఆగిపోయాడు.

ఒకసారి ఆవిడకి ఒళ్ళు కాలిపోతుంటే కూడా స్టూలు దిగలేదు. ఆఖరి వెలుగు ఆరాకే, చెయ్యి తియ్యి అని చెప్పాకే, అక్కడే నేల మీద కూలబడింది. అలాంటి మనిషి ఎదుట ఇన్ని నెలలుగా రోజూ సాయంత్రం నాటకం మొదలుపెట్టి, ఒక్కరోజూ ముగించలేదు. తెల్లలైట్లు పోయి కాషాయం లైట్లు వచ్చాయంతే, నాటకం నడుస్తూనే ఉంది. పైగా ఆవిడని అడగకుండా, ఆవిడ చెప్పకుండా, మీటలన్నీ తన ఇష్టానికి కదుపుతున్నాడు. డాక్టరు చెప్పింది నిజమే, వెలుగు తగ్గాలి. ఎప్పుడు తగ్గాలో చెప్పాల్సిన మనిషి ఇక్కడే నిలబడి ఉంది.

శనివారం పగలు మళ్ళీ ఎండ, మళ్ళీ దుప్పట్లు. సాయంత్రం బావమరిది డ్యూటీ దిగి తిన్నగా కిందికి వచ్చాడు. హాలు మారిపోయి ఉంది. సోఫా లేదు. ఆవిడ మంచం ఒక పక్కగా గోడవారన ఉంది. మీటల పెట్టె రెండో కొసన వంటగది గుమ్మం దగ్గరికి పోయింది. మధ్యలో ఒకే ఒక్క కుర్చీ.

"రాత్రి లోపు ఫోను చెయ్యాలి బావా," అన్నాడు అతను గొంతు తగ్గించి.

"చేద్దువుగాని. ముందు కూర్చో."

"ఏంటిదంతా?"

"ఆఖరి సీను. జనం లేకపోతే ఆవిడ ఒప్పుకోదు. నువ్వే జనం. కిక్కురుమనకుండా కూర్చో."

బావమరిది అటూ ఇటూ చూసి కూర్చున్నాడు. సూర్యుడు ఆవిడని మంచం మీద, దిండ్లకి ఆనించి, హాలంతా కనపడేలా కూర్చోబెట్టాడు. దుప్పటి నడుం దాకా కప్పాడు. పడుకో అని అనలేదు. వెళ్ళి తన చోట కూర్చున్నాడు. కిటికీ అవతల పొద్దు అప్పుడే వాలింది. హాల్లో వెలుగు దానికి సరిగ్గా సరిపోయేలా ఉంది.

"మేనేజరుగారూ, లైట్లు రెడీ," అన్నాడు.

ఆవిడ తల ఇటు తిరిగింది. మీటల పెట్టెని ఒకసారి చూసి, మళ్ళీ దుప్పటి అంచు సవరించుకుంది. ఇదీ పారలేదు అని ఆయన అనుకుంటుండగా అడిగింది.

"లైట్ల దగ్గర ఎవరు?"

"నేనే."

"నువ్వా," అంది ఆవిడ. "ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావు? ఎవరెవరినో పెట్టారు ఇక్కడ. ఒక్కడికీ పని రాదు."

ఇన్ని నెలల్లో ఆవిడ మీరెవరండీ అనని సాయంత్రం లేదు. నువ్వు అన్న మాట విని ఎన్నేళ్ళయిందో. కన్నీళ్ళు తుడుచుకుందామంటే చేతులు మీటల దగ్గరే ఉంచాలి.

"వచ్చేశాను," అన్నాడు.

"సరే, చూసుకో. ఆఖరిది తొందరపడితే పాడవుతుంది."

ఉన్నట్టుండి హాలు మధ్యలోంచి గర్రుమని చప్పుడొచ్చింది. బావమరిది తల పక్కకి వాలిపోయి, నోరు తెరుచుకుని ఉంది. ఫోను చొక్కా జేబులోనే ఉంది.

"జనంలో ఎవరో గురకపెడుతున్నారు," అంది మేనేజరు.

"లేపమంటావా?"

ఆవిడ ఆలోచించింది. "వద్దులే. అయిపోవచ్చిందిగా." కాస్త ఆగి, పాత గొంతుతో, చిన్నగా, స్పష్టంగా అంది. "లైట్లు, సిద్ధం."

ఆయన చెయ్యి మీట మీదికి వెళ్ళింది.

ఆవిడ కిటికీ వైపు చూసింది. కుర్చీలో నిద్రపోతున్న మనిషిని చూసింది. ఎక్కడ ఏది ఉండాలో అక్కడ ఉందో లేదో ఒక్కొక్కటే చూసుకుంటున్నట్టు కళ్ళు తిప్పింది.

"కానివ్వు."

మీట కదిలింది. కదిలిందని ఆయన వేళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. గోడలు కాషాయంలోంచి మట్టిరంగులోకి, అందులోంచి ఇంకా లోతుకి దిగాయి. ఎక్కడా నీడ లేవలేదు. మధ్యలో ఒకసారి "నెమ్మదిగా" అంది. ఇంకోసారి "బాగుంది" అంది. అది హెడ్‌సెట్‌లో ఆవిడ ఎప్పుడూ అననిది. తర్వాత ఆవిడ దిండు మీదికి జారిన చప్పుడు, దుప్పటి లాక్కున్న చప్పుడు వినిపించాయి. బాత్రూం దారిలో నేల దగ్గరి చిన్న దీపం తప్ప అంతా చీకటయ్యేసరికి కిటికీ బయట కూడా చీకటి పడింది. మీట అడుగుకి ఆనింది.

ఆయన మూడో మాట కోసం ఎదురుచూశాడు.

బావమరిది గురక వినిపిస్తోంది. దాని కింద, గోడవార నుంచి, తీరుబడిగా సాగుతున్న ఇంకో ఊపిరి వినిపిస్తోంది. ఆవిడ నిద్రపోయింది. రేపు ఎలా ఉంటుందో తెలియదు, డాక్టరు కూడా మాటివ్వలేదు. ఇవాళ మాత్రం మేనేజరు తన నాటకం తానే ముగించి నిద్రపోయింది.

చెయ్యి తియ్యి అని ఎవరూ అనలేదు. ఇక తీసేయొచ్చు, చూసేవాళ్ళు లేరు, ఉన్న ఒక్కడూ గురకపెడుతున్నాడు. ఆయన తీయలేదు. మీట మీద చెయ్యి అలాగే ఉంచుకుని, చీకట్లో కూర్చున్నాడు.